మా గల్లీ కాలువ ఎవరిది?

"నగరాలు అభివృద్ధికి ఇంజిన్లు" అనే వాక్యంతో నేను ఇప్పటిదాకా కనీసం పది ప్రాక్టీస్ వ్యాసాలు మొదలుపెట్టి ఉంటాను. మీలో చాలామంది కూడా అలాగే మొదలుపెట్టి ఉంటారు. తర్వాత 2011 జనాభా లెక్కల ప్రకారం పట్టణ జనాభా 31.16 శాతం అని రాస్తాం. స్మార్ట్ సిటీస్ మిషన్, అమృత్ పేర్లు వేస్తాం. చివర్లో 'సుస్థిర, సమ్మిళిత నగరాలు' అని ముగిస్తాం. మార్కులు కూడా పర్వాలేదనిపించేలా వస్తాయి. పోయిన వానాకాలం నుంచి మాత్రం నాకు ఆ వ్యాసం రాయబుద్ధి కావడం లేదు. ఎందుకో చెప్తాను.

నేను హైదరాబాద్ అశోక్‌నగర్‌లో ఐదేళ్లుగా అద్దెకుంటున్నాను. ఈ బ్లాగు చదివేవాళ్లలో సగం మందికి ఈ ఏరియా గురించి చెప్పక్కర్లేదు. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్, చిక్కడపల్లి, గాంధీనగర్ మధ్యలో ఎటు చూసినా కోచింగ్ బోర్డులు, జిరాక్స్ షాపులు, టిఫిన్ బండ్లు, స్టడీ హాళ్లు. నేను చదువుకునే స్టడీ హాలు ఒక సెల్లార్‌లో ఉండేది. కట్టినప్పుడు అది పార్కింగ్ అయి ఉంటుంది. ఇప్పుడు అరవై కుర్చీలు, అరవై చిన్న బల్లలు. దిగడానికి ఒకటే మెట్లదారి, ఇద్దరు ఎదురుపడితే ఒకరు పక్కకు తిరగాలి. నెలకు ఫీజు తక్కువ, ఎండాకాలం చల్లగా ఉంటుంది. అందుకే అందరం అక్కడే పడి ఉండేవాళ్లం.

ఆ సాయంత్రం వాన మొదలైన ముప్పావుగంటకు మెట్ల మీదుగా నీళ్లు దిగాయి. మొదట ఎవరూ లేవలేదు. బ్యాగులు కాళ్ల దగ్గర నుంచి తీసి బల్లమీద పెట్టుకున్నాం, అంతే. కౌంటర్ దగ్గర కూర్చునే తమ్ముడు "మోటార్ వేస్తున్నా అన్నా, గుంజేస్తది" అన్నాడు. నీళ్లు మడమలు దాటాక వెనక వరుసలో నుంచి ఒకమ్మాయి "రాజిందర్ నగర్" అని మాత్రమే అంది. ఒక్క నిమిషంలో హాలు ఖాళీ అయింది. ఎవరికీ ఏమీ కాలేదు. మర్నాడు నేల కడిగారు, ఫ్యాన్లు పెట్టి ఆరబెట్టారు. మూడో రోజు మళ్లీ సగానికి పైగా కుర్చీలు నిండాయి. నేనూ వెళ్లాను. ఈ విషయం దాచి మిగతాది రాస్తే అబద్ధమవుతుంది.

ఆ అమ్మాయి అన్న మాట మీకు అర్థమయ్యే ఉంటుంది. 2024 జూలై 27న ఢిల్లీలోని ఓల్డ్ రాజిందర్ నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్ సెల్లార్‌లోకి వరద నీరు దూసుకొచ్చి ముగ్గురు సివిల్స్ అభ్యర్థులు చనిపోయారు. స్టోరేజీ కోసం అనుమతి ఉన్న ఆ సెల్లార్‌ను లైబ్రరీగా వాడుతున్నారు. అంతకు కొద్ది రోజుల ముందే పటేల్ నగర్‌లో నీళ్లు నిలిచిన వీధిలో కరెంట్ షాక్ కొట్టి మరో అభ్యర్థి ప్రాణం పోయింది. సుప్రీంకోర్టు ఈ విషయాన్ని తనంతట తాను విచారణకు తీసుకుంది. ఢిల్లీ హైకోర్టు దర్యాప్తును సీబీఐకి అప్పగించింది. వారం పది రోజులు సెల్లార్లకు సీళ్లు పడ్డాయి.

అప్పట్లో మన గ్రూపుల్లో జరిగిన చర్చంతా సెల్లార్ మీదే. కోచింగ్ సెంటర్ల దురాశ, అనుమతుల ఉల్లంఘన, తనిఖీ చేయని అధికారులు. అవన్నీ నిజమే, శిక్షలు పడాల్సిందే. నాకు మాత్రం ఒక ప్రశ్న మిగిలిపోయింది. సెల్లార్‌లోకి వచ్చిన నీళ్లు అంతకుముందు రోడ్డు మీద ఎందుకు ఉన్నాయి? దేశ రాజధానిలో, అంత పేరున్న ప్రాంతంలో, ఒక వానకే వీధి ఎందుకు నిండింది? సెల్లార్‌కు తాళం వేస్తే ఆ ఒక్క గది భద్రం. వీధి మాత్రం అలాగే ఉంది.

మా గల్లీ విషయానికి వస్తే, దాని భూగోళం చాలా సులువు. పైన హుస్సేన్‌సాగర్. కింద మూసీ. రెండింటి మధ్యా హుస్సేన్‌సాగర్ మిగులు నీటి నాలా. ట్యాంక్‌బండ్ దిగువ నుంచి బయల్దేరి దోమల్‌గూడ, అశోక్‌నగర్, నల్లకుంట, గోల్నాక మీదుగా వెళ్లి మూసీలో కలుస్తుంది. సాగర్ పూర్తి నీటిమట్టం 513.41 మీటర్లు. వానాకాలంలో టీవీలో ఆ అంకె కనబడగానే నాలా పక్కన ఉండేవాళ్లు మంచాల కింద సామాన్లు పైకెక్కిస్తారు. నాలాకు గోడ కట్టిన చోట గోడ ఉంది, ఇళ్లు దాని అంచుదాకా వచ్చిన చోట ఇళ్లున్నాయి. గల్లీల్లోని చిన్న కాలువలన్నీ ఇందులోకే చేరాలి. చేరడం లేదు కాబట్టే నీళ్లు మెట్లు దిగుతున్నాయి.

ఎందుకు చేరడం లేదో తెలుసుకోవడానికి నేను పెద్ద పరిశోధన చేయలేదు. వాన వెలిసిన మర్నాడు మా గల్లీ పొడవునా ఒకసారి నడిచాను, చివరిదాకా. కాలువ మీద పదకొండు చోట్ల ర్యాంపులున్నాయి. బండ్లు లోపలికి ఎక్కించుకోవడానికి ఇళ్లవాళ్లు పోసుకున్న సిమెంటు. మా ఓనర్ అంకుల్ పోసిందీ అందులో ఒకటి. నా బండి రోజూ ఎక్కేది దాని మీదుగానే. రెండు చోట్ల కాలువలోనే కేబుళ్ల గొట్టాలు అడ్డంగా పోతున్నాయి. ఒక చోట కొత్త అపార్ట్‌మెంట్ పనిలో మిగిలిన ఇసుకా కంకరా పడి సగం పూడిపోయింది. గల్లీ చివర మాన్‌హోల్ దగ్గర ఇద్దరు కార్మికులు పూడిక తీస్తున్నారు. పక్కనే ఉన్న వాన నీటి కాలువ కూడా తీయకూడదా అన్నా అని అడిగాను.

"అది మాది కాదు సార్. మాది మురుగు లైను. అది వాన నీళ్లది, వేరే వాళ్లు చూస్తరు" అన్నాడు పెద్దాయన. కాసేపాగి తనే నవ్వాడు. "లోపలికి పోయినంక రెండూ కలిసే ఉన్నయ్ అనుకోండి."

ఆయన తప్పేమీ లేదు. తన పని ఎంతవరకో అంతవరకే ఆయన చేయగలడు. మన నగర పాలనకు ఆ మాట కన్నా మంచి వర్ణన నాకు ఏ పుస్తకంలోనూ దొరకలేదు. హైదరాబాద్, బెంగళూరు, చెన్నై మూడింటిలోనూ మురుగు లైన్లు నీటి బోర్డు చేతిలో ఉంటాయి, వాన నీటి కాలువలు నగరపాలక సంస్థ చేతిలో ఉంటాయి. ఢిల్లీలో మురుగు జల్ బోర్డుది. కాలువలు మాత్రం రోడ్డు వెడల్పును బట్టి కొన్ని కార్పొరేషన్‌వి, కొన్ని ప్రజాపనుల శాఖవి. కరెంటు స్తంభం ఇంకొకరిది, కేబుల్ మరొకరిది, ట్రాఫిక్ పోలీసులది, ప్లానింగ్ అభివృద్ధి సంస్థది. ఒక్కొక్క సంస్థకూ ఒక చట్టం, ఒక బడ్జెట్, ఒక అధిపతి ఉన్నారు. నీళ్లకు మాత్రం ఈ హద్దులు తెలియవు. సంస్థలు ఎన్ని ఉన్నా నాకు అభ్యంతరం లేదు. ఒక వీధిలో నిలబడి "దీనికి జవాబు చెప్పేది ఎవరు?" అని అడిగితే ఒక పేరు రావాలి. అది రావడం లేదు. నా ఫిర్యాదు అదొక్కటే.

ఇక్కడ చరిత్రలోకి కొంచెం వెళ్లాలి. 1908 సెప్టెంబర్ 28న మూసీ ఉప్పొంగి హైదరాబాద్‌లో వేలమందిని పొట్టనబెట్టుకుంది. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కి సుమారు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారని ఇప్పటికీ చెప్తారు. ఆ మరుసటి ఏడాది మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు. వరదను ఊళ్లో గోడలు కట్టి ఆపాలని మాత్రమే కాకుండా, ఊరికి ఎగువనే ఆపాలన్నది ఆయన ఆలోచన. దాని ఫలితమే 1920లో పూర్తయిన ఉస్మాన్‌సాగర్, 1927లో పూర్తయిన హిమాయత్‌సాగర్. 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఏర్పాటైంది. నిజాం కాలాన్ని పొగడటం నా ఉద్దేశం కాదు. ఓటు లేని కాలమది, మురికివాడల నుంచి ఎవరిని లేపాలో వాళ్లను అడిగి నిర్ణయించిన కాలం కాదు. కానీ నీరు ఎక్కడ పుడుతుందో అక్కడి నుంచి ఆలోచించడం మొదలుపెట్టారు. మనం నీళ్లు సెల్లార్‌లోకి వచ్చాక మొదలుపెడుతున్నాం.

ఆ రెండు జలాశయాల కథ చివరిదాకా తెలుసుకోండి, పర్యావరణం మీద ప్రశ్న వచ్చినా పనికొస్తుంది. 1996 మార్చి 8న వచ్చిన జీఓ 111 వాటి చుట్టూ పది కిలోమీటర్ల పరిధిలో, 84 గ్రామాల్లో, కాలుష్య పరిశ్రమలనూ పెద్ద హోటళ్లనూ నివాస కాలనీలనూ నిషేధించింది. ఆ పరిధిలో ఒక నూనెల పరిశ్రమకు ప్రభుత్వం మినహాయింపు ఇస్తే, ప్రొఫెసర్ ఎం.వి.నాయుడు కేసులో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. ముందు జాగ్రత్త సూత్రం గురించి మనం చదివే తీర్పుల్లో అదొకటి. 2022 ఏప్రిల్‌లో జీఓ 69తో ఆ ఆంక్షలను తొలగించారు. నగరానికి ఇప్పుడు కృష్ణా, గోదావరి నీళ్లు వస్తున్నాయి కాబట్టి తాగునీటికి ఆ జలాశయాల అవసరం పెద్దగా లేదన్నది చెప్పిన కారణం. అక్కడి రైతుల వాదనలోనూ న్యాయం ఉంది. పక్క ఊరి భూమి కోట్లు పలుకుతుంటే తమ భూమి మాత్రం పాతికేళ్లుగా కదలలేదు. నగరం కోసం వాళ్లు భరించిన నష్టానికి ఎవరూ పైసా ఇవ్వలేదు. ఒప్పుకుంటాను. కానీ ఆ జలాశయాలు కట్టింది తాగడానికి మాత్రమే కాదు. మొదటి కారణం 1908. తాగునీటి లెక్క చూసి వరద లెక్క మర్చిపోతే ఎలా?

2020 అక్టోబర్ మనలో చాలామంది కళ్లారా చూసిందే. ఘట్‌కేసర్ వైపు ఒక్క రోజులో 30 సెంటీమీటర్లకు పైగా వాన పడింది. పాతబస్తీ వైపు పల్లె చెరువు, గుర్రం చెరువు కట్టలు తెగి కాలనీలు మునిగాయి. మన చెరువులు గొలుసుకట్టు చెరువులు. ఒకటి నిండితే అలుగు పారి కిందిదానికి పోవాలి. కాకతీయుల కాలం నుంచి మన ఊళ్లలో అందరికీ తెలిసిన సంగతే ఇది. మా ఊళ్లో అలుగు దారిలో ఎవరైనా గోడ పెడితే సాయంత్రానికల్లా పంచాయితీ అవుతుంది, ఎందుకంటే కింద ఎవరి పొలం ఎండుతుందో, ఎవరిది మునుగుతుందో అందరికీ తెలుసు. నగరంలో నా పైన ఉన్న చెరువు పేరు నాకు తెలియదు, నా కింద మునిగే కాలనీ పేరూ తెలియదు.

అందుకే 2024 జూలైలో హైడ్రా ఏర్పడి చెరువుల ఆక్రమణలు తొలగిస్తుంటే మొదట సంతోషపడ్డాను. ఇప్పటికీ చెరువు చెరువుగా ఉండాలనే అంటాను. కానీ ఎఫ్‌టీఎల్‌లో ఉన్న ఇంటికి లేఅవుట్ ఎవరు ఇచ్చారు? రిజిస్ట్రేషన్ ఎవరు చేశారు? కరెంటు మీటరు, ఇంటి నంబరు, పన్ను రసీదు ఎక్కడి నుంచి వచ్చాయి? జేసీబీ ముందు నిలబడింది ఇల్లు కొనుక్కున్న మనిషి. సంతకాలు పెట్టినవాళ్లు అక్కడ లేరు. పరీక్షలో దీనికి 'సమతుల్య విధానం అవసరం' అని రాసి తప్పించుకోవచ్చు. నా అభిప్రాయం అడిగితే ముందు హద్దు రాళ్లు, తర్వాత సంతకాల మీద విచారణ, పేదవాళ్లకు పునరావాసం చూపించాక జేసీబీ. ఈ వరుస మారితే చెరువు మిగలొచ్చు గానీ ప్రభుత్వం మీద నమ్మకం మిగలదు.

సరే, జవాబు చెప్పే మనిషి ఎవరన్న ప్రశ్నకు రాజ్యాంగం ఏమంటోంది? 74వ సవరణ మనందరికీ నోటికి వచ్చు. 1993 జూన్ 1 నుంచి అమల్లో ఉంది. తొమ్మిది-ఏ భాగం, 12వ షెడ్యూలు, 18 అంశాలు. నేనూ ఏళ్ల తరబడి అలాగే బట్టీపట్టాను. సెల్లార్‌లోకి నీళ్లొచ్చిన వారం మాత్రం 243ఎస్ అధికరణాన్ని నిదానంగా, ఒక్కొక్క పదం చదివాను. మూడు లక్షలు, అంతకు మించిన జనాభా ఉన్న మున్సిపాలిటీలో వార్డు కమిటీలు ఉండాలి అంటుంది. అయితే ఆ కమిటీ 'ఒకటి లేదా అంతకన్నా ఎక్కువ వార్డులకు' కలిపి ఉండొచ్చని కూడా అంటుంది. దాని కూర్పు, పరిధి, సభ్యుల ఎంపిక రాష్ట్ర చట్టానికి వదిలేసింది. మొత్తం కథ ఆ కొన్ని మాటల్లో ఉంది. పది పదిహేను వార్డులకు కలిపి ఒక కమిటీ వేసి, అందులో కార్పొరేటర్లనే కూర్చోబెట్టినా రాజ్యాంగాన్ని ఉల్లంఘించినట్టు కాదు. కానీ అందులో మా గల్లీవాడు ఎవరూ ఉండడు. పల్లెకు రాజ్యాంగం గ్రామసభను నిర్వచించి పెట్టింది. అందులో ఊరి ఓటర్లందరూ సభ్యులే. నగరానికి అలాంటి సభ రాజ్యాంగంలో లేదు. ఊళ్లో మా నాన్న గ్రామసభలో లేచి మోరీ గురించి సర్పంచ్‌ను అడగగలడు. హైదరాబాద్‌లో డిగ్రీ చదివి రాజ్యాంగం బట్టీపట్టిన నేను అడగడానికి లేచి నిలబడే చోటు లేదు.

పాలన శాస్త్రం చదివినవాళ్లు ఇక్కడ నిధుల సంగతి ఎత్తుతారు. నిజమే, దేశంలో మున్సిపాలిటీల ఆదాయం మొత్తం కలిపినా జీడీపీలో ఒక శాతం దాటడం లేదు. డబ్బు లేదన్న జవాబు కొత్తదేమీ కాదు. దాన్ని ఒకసారి సుప్రీంకోర్టు దాకా తీసుకెళ్లిన ఊరుంది.

మధ్యప్రదేశ్‌లోని రత్లాం. అక్కడి 12వ వార్డులో న్యూ రోడ్ పక్కన ఉండేవాళ్లు మోరీల కంపుతో, పక్కనున్న ఆల్కహాల్ ప్లాంటు వదిలే మురికి నీళ్లతో, మరుగుదొడ్లు లేని బస్తీ అవస్థతో విసిగిపోయి సబ్ డివిజనల్ మేజిస్ట్రేట్ దగ్గరికి వెళ్లారు. సీఆర్‌పీసీ 133 సెక్షన్, అంటే బహిరంగ ఉపద్రవాన్ని తొలగించమని ఆదేశించే అధికారం. ఆ మేజిస్ట్రేట్ ఫైలును పక్కన పెట్టలేదు. ఆరు నెలల్లో పథకం తయారు చేయాలని మున్సిపాలిటీని ఆదేశించారు. సెషన్స్ కోర్టు ఆ ఆదేశాన్ని కొట్టేసింది, హైకోర్టు నిలబెట్టింది. డబ్బు లేదంటూ మున్సిపాలిటీ సుప్రీంకోర్టుకు వెళ్లింది. 1980లో జస్టిస్ వి.ఆర్.కృష్ణయ్యర్ ఇచ్చిన తీర్పు సారాంశం ఒకటే. ప్రజల ఆరోగ్యం కాపాడటం మున్సిపాలిటీ చట్టబద్ధమైన విధి, డబ్బు లేదన్నది దానికి సమాధానం కాదు. మోరీలు, మరుగుదొడ్లు కట్టడానికి గడువులు పెట్టింది కోర్టు.

మనం ఈ కేసును 'పర్యావరణ న్యాయశాస్త్రం' శీర్షిక కింద ఒక లైనులో రాసి వదిలేస్తాం. నాకు ఇందులో అన్నిటికన్నా నచ్చిన మనిషి ఆ సబ్ డివిజనల్ మేజిస్ట్రేట్. రేపు మనలో కొందరం కూర్చునే కుర్చీ అది. అప్పటి 133 సెక్షన్ ఇప్పుడు బీఎన్ఎస్ఎస్‌లో 152వ సెక్షన్. అధికారం అలాగే ఉంది. వార్డువాళ్లు పదిమంది కాగితం పట్టుకొచ్చినప్పుడు 'ఇది మున్సిపల్ విషయం, అక్కడికి వెళ్లండి' అనకుండా తీసుకోవడం మాత్రమే కావాలి.

స్మార్ట్ సిటీస్ మిషన్ గురించి ఒక మాట. 2015 జూన్ 25న మొదలై 2025 మార్చి 31న ముగిసింది. వంద నగరాలు. తెలంగాణ నుంచి వరంగల్, కరీంనగర్. కొన్ని చోట్ల పార్కులు, లైట్లు, కంట్రోల్ రూములు బాగానే వచ్చాయి. నా అభ్యంతరం వాటి మీద కాదు. ప్రతి నగరంలోనూ పనులు చేసింది కంపెనీల చట్టం కింద పెట్టిన ఒక ప్రత్యేక కంపెనీ. పని వేగంగా జరగాలని అలా పెట్టారు. దాంతో మేయర్‌కు, కౌన్సిల్‌కు ఉన్న కాస్త బాధ్యతా పక్కకు పోయింది. బాధ్యత లేనిచోట ఇంకో సంస్థను పెట్టడం మనకు అలవాటైపోయింది. వార్డు స్థాయిలో ప్రయత్నాలు జరగలేదని కాదు. 2023 జూన్‌లో హైదరాబాద్‌లో 150 డివిజన్లకూ వార్డు కార్యాలయాలు ప్రారంభించి, వేర్వేరు శాఖల సిబ్బందిని ఒకే కప్పు కింద కూర్చోబెట్టాలనుకున్నారు. ఆలోచన సరైందే. కానీ సిబ్బంది ఒకచోట కూర్చున్నంత మాత్రాన ఎవరి పై అధికారి వాళ్లకే ఉంటాడు. వాళ్లను వారానికోసారి అడిగే జనసభ కూడా ఉండాలి. పుణెలో 2006 నుంచి మున్సిపల్ బడ్జెట్‌లో తమ వార్డుకు ఏ పని కావాలో పౌరులే సూచించే పద్ధతి ఉంది. కేరళలో మున్సిపాలిటీల్లోనూ వార్డు సభలు పెడతారు. అవీ లోపాలు లేనివి కావు, కానీ అడిగే చోటంటూ ఉంది.

ఇంతా రాశాక నన్ను నేను ఒక ప్రశ్న అడగాలి. అలాంటి సభ రేపు మా డివిజన్‌లో పెడితే నేను వెళ్లగలనా? వెళ్లినా నా మాటకు విలువ ఉంటుందా? నా ఓటు మా ఊళ్లో ఉంది. అశోక్‌నగర్‌లో ఐదేళ్లుగా నీళ్లు తాగుతున్నాను, చెత్త పడేస్తున్నాను, మురుగు వదులుతున్నాను, అద్దెలో భాగంగా ఓనర్ కట్టే ఆస్తి పన్నులో నా వంతు కూడా కడుతున్నట్టే. కార్పొరేటర్‌కు మాత్రం నేను లెక్కలో లేను. 2020 డిసెంబర్ జీహెచ్ఎంసీ ఎన్నికల్లో పోలింగ్ 46 శాతం చిల్లర. నగరవాసులకు బాధ్యత లేదని పత్రికలు తిట్టాయి, నేనూ ఒక వ్యాసంలో తిట్టాను. ఓటున్నవాళ్లలో సగానికి పైగా రాలేదన్నది నిజం. మరి నాలాగా ఇక్కడే ఉంటూ జాబితాలోనే లేనివాళ్లు ఎందరు? హాస్టళ్లలో, పీజీల్లో, సింగిల్ రూముల్లో ఉండేవాళ్లు, కట్టడాల దగ్గర షెడ్లలో ఉండే పాలమూరు, ఒడిశా కూలీలు, మా గల్లీ మూల ఇడ్లీ బండి అక్క.

ఆ అక్కది ఇంకో కథ. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం పట్టణ వెండింగ్ కమిటీలో 40 శాతం మంది ఎన్నికైన వ్యాపారులే ఉండాలి. సర్వే చేసి సర్టిఫికెట్ ఇచ్చేదాకా ఎవరినీ ఖాళీ చేయించకూడదు. ఈ సంగతి అక్కకు చెప్తే "గా కాగితం నువ్వే ఇయ్యి బిడ్డా, రేపు ఆఫీసరైనంక" అని నవ్వింది. నీళ్లొచ్చిన రోజు ఆమె బండి కింద ఉన్న పిండి డబ్బాలు రెండూ కొట్టుకుపోయాయి. మా వాట్సాప్ గ్రూపులో స్టడీ హాలు గురించి మూడు వందల మెసేజ్‌లు వచ్చాయి. పిండి గురించి ఒక్కటీ లేదు.

1950 ప్రజాప్రాతినిధ్య చట్టం 19వ సెక్షన్ ప్రకారం ఓటు ఉండాల్సింది మనిషి సాధారణంగా నివసించే చోట. ఇది పాలిటీలో చదివాను, నాకు నేను ఎప్పుడూ అన్వయించుకోలేదు. చిరునామా మారినప్పుడు ఫారం 8 పెట్టుకోవచ్చు. మున్సిపల్ ఓటర్ల జాబితా తయారయ్యేది అసెంబ్లీ జాబితా నుంచే కాబట్టి అక్కడ మారితే ఇక్కడా మారుతుంది. ఇంటి సర్పంచ్ ఎన్నికకు రాలేదని మా నాన్న అలుగుతాడు, అది వేరే విషయం. పెళ్లిళ్లకు పబ్బాలకు వెళ్లే ఊరు ఒకటి, మురుగు నీళ్లు మెట్లు దిగే ఊరు ఒకటి. ఓటు రెండోదానిలో ఉండాలని ఇప్పుడు నాకు అనిపిస్తోంది. మా రూమ్మేట్ ఒప్పుకోడు. "ఉద్యోగం వస్తే ఆర్నెల్లకు వెళ్లిపోయేవాళ్లం మనం, ఈ గల్లీ మనదెట్లయితది?" అంటాడు. ఆర్నెల్లని వచ్చిన నాకు ఐదేళ్లయింది. వాడికి నాలుగు.

స్టడీ హాలు మార్చాను. మొదటి అంతస్తు, నెలకు మూడు వందలు ఎక్కువ, ఫ్యాను చప్పుడు చేస్తుంది. పాత సెల్లార్ ఇంకా నడుస్తోంది. ఫారం 8 నింపడం మొదలుపెట్టాను. ఇక్కడి చిరునామాతో ఒక రుజువు కావాలి, నా ఆధార్, బ్యాంకు పాస్‌బుక్ రెండూ ఊరి అడ్రసుతోనే ఉన్నాయి. మిగిలింది అద్దె ఒప్పందం. ఓనర్ అంకుల్‌ను అడిగితే "మన మధ్య కాగితాలెందుకు బాబూ, చూద్దాంలే" అన్నారు. కాలువ మీద ర్యాంపు సంగతి కూడా అప్పుడే ఎత్తుదామనుకున్నాను, ధైర్యం చాలలేదు. ఈ ఆదివారం అద్దె ఇవ్వడానికి పైకి వెళ్లినప్పుడు రెండూ కలిపి అడగాలి.